కొమ్ము చూసి వంశం చెప్పలేం

మధ్యప్రదేశ్‌లో ఎముకలు దొరికిన శృంగసారస్ అనే పాతకాలపు సరీసృపం మాట వచ్చినప్పుడల్లా రెండు విశేషణాలు తగులుకుంటాయి: "కొమ్ముల డైనోసార్", "మన దేశపు ట్రైసెరటాప్స్". రెండూ తప్పే. అది డైనోసార్ కాదు. మూడు కొమ్ముల అమెరికా డైనోసార్ ట్రైసెరటాప్స్‌తో దానికున్న చుట్టరికం, నుదుటి మీద కొమ్ములున్నంత మాత్రాన ఆవుకీ ఊసరవెల్లికీ ఉండే చుట్టరికం లాంటిది. ఏదో చిన్న పొరపాటులే అని వదిలేయొచ్చు కదా అనిపిస్తుంది. కానీ ఆ జంతువులో నిజంగా అపురూపమైనది ఏదో, సరిగ్గా దాన్నే ఈ రెండు పేర్లు కప్పేస్తున్నాయి. అందుకే ఇంత వివరంగా రాయాల్సి వస్తోంది.

ముందు అసలు సంగతి. మధ్యప్రదేశ్‌లో సాత్పురా కొండల ఉత్తరపు అంచున, అప్పటి హోషంగాబాద్ (ఇప్పటి నర్మదాపురం) జిల్లాలో డెన్వా పొరలు అని పిలిచే ఎర్ర మట్టిరాయి, ఇసుకరాయి నిక్షేపాలున్నాయి. అక్కడ దాదాపు పాతిక చదరపు మీటర్ల జాగాలో, అంటే ఓ మోస్తరు పెద్ద గదిలో పట్టేంత చోటులో, కనీసం ఏడు జంతువుల ఎముకలు బయటపడ్డాయి. కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కి చెందిన సారదీ సేన్‌గుప్తా, శాశ్వతి బందోపాధ్యాయ, అర్జెంటీనాకి చెందిన మార్టిన్ ఎజ్‌కుర్రా కలిసి 2017లో దానికి శృంగసారస్ ఇండికస్ అని పేరు పెట్టారు. శృంగం అంటే కొమ్మని మనకి ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు, ఋష్యశృంగుడి కథ తెలిసినవాళ్లం. ముక్కు నుంచి తోక దాకా 3 నుంచి 4 మీటర్లు. తల చిన్నది, పెట్టెలా నలుపలకలుగా ఉంటుంది, మూతి పొట్టి. మెడ పొడవు. ఛాతీ పీపాలా గుండ్రం. కాళ్లు పక్కకి చాపుకుని ఉంటాయి. కళ్ల పైన రెండు కొమ్ములు.

కాలం సుమారు 24.5 కోట్ల ఏళ్ల కిందటిది, ట్రయాసిక్ యుగపు మధ్య భాగానికి మొదలు. భూమ్మీద జీవరాశిలో అధిక భాగాన్ని తుడిచిపెట్టిన పెర్మియన్ అంత్యపు మహావినాశనం 25.2 కోట్ల ఏళ్ల నాటిది. అంటే అప్పటికి భూమి ఇంకా తేరుకుంటున్న రోజులు. ట్రైసెరటాప్స్ బతికింది 6.8 నుంచి 6.6 కోట్ల ఏళ్ల కిందట, ఉత్తర అమెరికాలో. లెక్క వేసి చూడండి. ట్రైసెరటాప్స్‌కీ మనకీ మధ్య 6.6 కోట్ల ఏళ్లు. శృంగసారస్‌కీ ట్రైసెరటాప్స్‌కీ మధ్య 17 కోట్ల ఏళ్లకి పైనే. ఎవరి పోలికలు ఎవరికి వచ్చాయని మాట్లాడాలన్నా, ముందు వచ్చింది శృంగసారస్.

ఇప్పుడు కొమ్ము దగ్గరికి వద్దాం. కొమ్మంటే రెండు వస్తువులు. లోపల ఎముక, పైన గోరు లాంటి పదార్థంతో తొడుగు. దెబ్బ తగిలి ఎద్దు కొమ్ము తొడుగు ఊడిపోతే లోపల రక్తమోడుతూ కనబడేది ఆ ఎముకే. శిలాజంగా మిగిలేది కూడా సాధారణంగా అదే, తొడుగు కుళ్లిపోతుంది. కాబట్టి మ్యూజియంలో ఏ కొమ్మును చూసినా అది బతికున్నప్పటి కొమ్ము కంటే పొట్టిది, మొద్దుబారినది అని మనసులో కలుపుకోవాలి. శృంగసారస్ కొమ్ము ఎముక మీద గాడులు, గరుకు చారలు ఉన్నాయి. ఎముకకీ తొడుగుకీ మధ్య రక్తనాళాలు నడిచిన చోట ఇలాంటి గుర్తులే మిగులుతాయి. ఎద్దు పుర్రె దొరికితే కొమ్ము ఎముక మీద వేలితో రుద్ది చూడండి. చర్మం మాత్రమే కప్పిన ఎముక ఎంత నున్నగా ఉంటుందో, తొడుగు పట్టుకున్న ఎముక ఎంత గరుకో చేతికే తెలుస్తుంది.

అసలు తేడా ఆ కొమ్ము ఏ ఎముక మీద మొలిచిందన్న దాంట్లో ఉంది. శృంగసారస్‌లో అది నుదుటి ఎముక మీద లేచింది. శంకువు ఆకారంలో పైకి లేచి ముందుకి కొద్దిగా వంగింది. ట్రైసెరటాప్స్‌లో కంటి పై కొమ్ములు నుదుటి ఎముక మీద లేవు, కంటి గుంటకి వెనక అంచుగా ఉండే ఎముక మీద ఉన్నాయి. ముక్కు కొమ్ము మరోలా, వేరే చిన్న ఎముకగా పుట్టి తర్వాత అతుక్కుంటుంది. ఆవుల్లో ఇంకో దారి: లేగదూడ నెత్తి చర్మం కింద చిన్న ఎముక మొగ్గ విడిగా మొదలై, తర్వాత నుదుటి ఎముకతో కలిసిపోతుంది. చివరికి బయటికి కనిపించేది ఒకటే రూపం. దాన్ని కట్టిన తీరు మూడుచోట్లా వేరు. ఒకే తాత నుంచి వారసత్వంగా వచ్చిన అవయవమైతే ఒకే ఎముక మీద, ఒకే తీరుగా మొలవాలి. అలా లేదు కాబట్టే ఇది విడివిడిగా జరిగిన పని అని ధైర్యంగా చెప్పగలుగుతున్నాం.

మరి డైనోసార్ కాదని ఎలా అంటాం? తుంటి చూడాలి. డైనోసార్ తుంటి గుంటకి అడుగు ఉండదు, మధ్యలో ఖాళీ, ఇటు నుంచి అటు కనబడుతుంది. తొడ ఎముక తల లోపలికి తిరిగి ఆ ఖాళీలో కూర్చుంటుంది. అందుకే వెనక్కాళ్లు ఒంటికి సరిగ్గా కింద స్తంభాల్లా నిలుస్తాయి. శృంగసారస్ తుంటి గుంట ఎముకతో మూసుకుని, గిన్నెలా ఉంటుంది. తొడ పక్కకి వెళ్లి, మోకాలి దగ్గర వంగి, పాదం ఒంటికి దూరంగా పడుతుంది. తొండ నడక గుర్తు తెచ్చుకుంటే చాలు. కంటికీ ముక్కుకీ మధ్య కన్నం ఉందా లేదా అన్నది కూడా ఒక పరీక్షే: డైనోసార్లకి సాధారణంగా ఉంటుంది, శృంగసారస్‌కి ఆ కన్నం లేదు. కానీ ట్రైసెరటాప్స్‌లోనూ ఆ కన్నం బాగా కుంచించుకుపోయింది, కొత్తగా చూసేవాళ్లు తడబడతారు. తుంటి దగ్గర ఆ ఇబ్బంది ఉండదు.

"రాక్షసబల్లి" అనే మాటతో మనం ఇక్కడ రెండు రకాలుగా నష్టపోతున్నాం. డైనోసార్లు బల్లులు కావు. ఆ మాటని పాత సరీసృపాలన్నిటికీ అంటిస్తే శృంగసారస్ లాంటివి డైనోసార్ల లెక్కలో పడిపోతాయి. సరీసృపం అనే మంచి మాట మనకి ఉంది. అది చాలు.

కొమ్మే కాదు, పన్ను కూడా ఇలాగే మోసం చేసింది. శృంగసారస్ దగ్గరి బంధువు అజెండోసారస్. మొరాకోలో దొరికిన పళ్లు, దవడ ముక్కలతో 1972లో దానికి పేరు పెట్టారు. పళ్లు ఆకు ఆకారంలో ఉన్నాయి, అంచున పెద్ద పెద్ద రంపపు పళ్లు. అలాంటివి శాకాహార డైనోసార్లకి ఉంటాయి కాబట్టి ఇదీ డైనోసారే అనుకున్నారు. తర్వాత డైనోసార్లలోనే ఒక గుంపు నుంచి ఇంకో గుంపుకి మార్చారు. మడగాస్కర్‌లో అదే ప్రజాతికి చెందిన మరో జాతి పుర్రె దొరికి, దాని వివరాలు 2010లో వచ్చాక గానీ అది డైనోసార్ కానే కాదని తేలలేదు. అంటే ఆకులు తినే బతుకు ఎవరికి దక్కినా వాళ్ల పన్ను ఆకు ఆకారానికి రావచ్చు. కొమ్ములాగే పన్ను కూడా బతుకుతెరువునే చెబుతుంది. వంశం తెలియాలంటే తుంటి, చీలమండ, పుర్రె అడుగు లాంటి, ఎవరి కంటా పడని చోట్ల వెతకాలి. అజెండోసారస్, శృంగసారస్ చేరే గుంపుకి 2015లో అల్లొకొటోసారియా అని పేరు పెట్టారు, గ్రీకులో "వింత సరీసృపాలు" అని అర్థం.

తిండి విషయంలో ట్రైసెరటాప్స్‌తో పోల్చి చూస్తే పోలిక ఎంత పైపైదో ఇంకా బాగా తెలుస్తుంది. ట్రైసెరటాప్స్ నోటి ముందు చిలకముక్కు లాంటి ముక్కు, వెనక దవడకి ఒక్కో పక్క 36 నుంచి 40 పళ్ల వరసలు, ఒక్కో వరసలో ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు 3 నుంచి 5 పళ్లు. పైది అరిగితే కిందది లేస్తుంది. పై దవడ పళ్లు కింది దవడ పళ్ల పక్కగా కత్తెరలా దిగుతాయి. శృంగసారస్‌కి ఆ ముక్కూ లేదు, ఆ పళ్ల కూర్పూ లేదు. ఆకు పళ్లతో తుంచుకుని, చీల్చుకుని మింగడమే. నమలలేని జంతువుకి ఆ పని పొట్టే చేయాలి. పీపా లాంటి ఒళ్లు ఎందుకో దీంతో అర్థం చేసుకోవచ్చు: పొడవాటి పేగుల్లో తిండి చాలాసేపు పులిస్తే తప్ప ఆకు అరగదు.

ఇక అందరూ అడిగే ప్రశ్న. కొమ్ములు ఎందుకు? వేటాడే జంతువుల నుంచి కాపాడుకోవడానికి అని వెంటనే అనేస్తారు. ఆ జవాబు ఎప్పుడూ తప్పు అనను. అమెరికా ఎడారుల్లో కొమ్ముల బల్లి ఉంది. తల వెనక అంచున ముళ్లలాంటి కొమ్ములు ఉంటాయి. బల్లుల్ని పట్టి ముళ్లకి గుచ్చే పక్షి చేతిలో చచ్చినవాటినీ బతికున్నవాటినీ పక్కపక్కన పెట్టి కొలిస్తే, బతికున్నవాటి కొమ్ములు దాదాపు 10 శాతం పొడవుగా తేలాయి. అక్కడ కొమ్ము నిజంగా ప్రాణరక్షణే. కానీ ఆ కొమ్ము ఎటు తిరిగి ఉందో చూడండి: వెనక్కి, పక్షి పట్టుకునే మెడ వైపు. ఆడవాటికీ మగవాటికీ ఉంటుంది, పిల్లకీ ఉంటుంది. ఎందుకంటే పక్షి అందరినీ తింటుంది.

ఆత్మరక్షణ కొమ్ముకి అవీ లక్షణాలు. శృంగసారస్ కొమ్ము వీటికి ఎదురు తిరిగి ఉంది. వేటాడే జంతువు వెనక నుంచో పక్క నుంచో వస్తే, పైకి లేచి ముందుకి వంగిన కొమ్ము పెద్దగా పనికిరాదు. ఎదురుగా తల వంచి నిలబడ్డ తనలాంటి జంతువుకే అది సరిగ్గా తగులుతుంది. వయసుతో కొమ్ము మారింది కూడా. చిన్నవాటి కొమ్ములకీ పెద్దవాటి కొమ్ములకీ పరిమాణంలో, దృఢత్వంలో, తిరిగిన దిక్కులో తేడాలున్నాయి. ముందొచ్చిన చెవులకంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అని మనవాళ్లు అన్నది పశువుల్ని చూసే. ఒంటితోపాటు పుట్టకుండా ఈడు వచ్చాక బలపడే ఆయుధం జతకట్టే వయసులో జరిగే పోటీ కోసమే అయ్యుంటుంది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కృష్ణజింకని చూడండి. మెలితిరిగిన కొమ్ములు మగదానికే. ఆడవాటిలో కొమ్ములు అరుదు.

ట్రైసెరటాప్స్ విషయంలో ఇదే వాదనకి గాయాల సాక్ష్యం కూడా ఉంది. 2009లో అచ్చయిన ఒక పరిశీలనలో ట్రైసెరటాప్స్ పుర్రెల్నీ, దాని బంధువైన, కంటి పై కొమ్ములు పొట్టిగా ఉండే సెంట్రోసారస్ పుర్రెల్నీ పోల్చారు. పుర్రె వెనక నుంచి మెడ మీదికి పళ్లెంలా పరుచుకునే భాగపు పక్క ఎముకల మీద మానిన దెబ్బల గుర్తులు ట్రైసెరటాప్స్‌లోనే గణనీయంగా ఎక్కువ. ఎదురెదురుగా కొమ్ములు పెనవేసుకుంటే ఎదుటిదాని కొమ్ము కొస వచ్చి తగిలే చోటు అదే. కానీ గుంటలన్నీ గాయాలు కావు. మానిన గాయం అంచు గుండ్రబడి, చుట్టూ కొత్త ఎముక గరుకుగా పేరుకుంటుంది. చచ్చాక పడిన గుంట అంచు పదునుగా ఉంటుంది. మట్టిలో ఆమ్లం తిన్న చోట అంచులు పలచబడతాయి తప్ప కొత్త ఎముక పుట్టదు. ఈ మూడింటినీ కలిపేసి ప్రతి కన్నాన్నీ యుద్ధగాయం అనేయడం చాలా చోట్ల కనిపిస్తుంది. అది సరికాదు.

శృంగసారస్ ఏడింటిలో ఒకదాని నుదుటికి కొమ్ములు లేవు. వయసు తేడా వల్ల కాదు, ఆడామగా తేడా వల్లే అని పేరు పెట్టినవాళ్ల వాదన. ఆ వాదన వైపే నేనూ మొగ్గుతాను, కానీ దాని మీద ఎంత బరువు పెట్టొచ్చన్నది వేరే సంగతి. ఏడు జంతువులంటే ఏడు పూర్తి పుర్రెలు కావు. ఎముకలు చాలావరకు విడివిడిగా పడి ఉన్నాయి, ఒక్క అస్థిపంజరం మాత్రం కొంతవరకు కలిసి ఉంది. ఏడు అనే అంకె ఎలా వస్తుందంటే, ఒకే పక్కకి చెందిన ఒకే ఎముక ఎన్నిసార్లు దొరికిందో లెక్కపెడతారు. ఏడు ఎడమ భుజం ఎముకలు ఉంటే కనీసం ఏడు జంతువులు. విరిగిన ముక్కలైతే ఒకే ఎముకని రెండుసార్లు లెక్కించే ప్రమాదం ఉంది, అందుకని ఆ ఎముకలో ఒకే భాగం ఉన్న ముక్కల్నే లెక్కలోకి తీసుకోవాలి. ఇలా వచ్చే అంకె ఎప్పుడూ అడుగు హద్దే.

వయసు తేల్చడానికి మంచి దారి ఎముక కోత. కాలి ఎముక నడిమి భాగాన్ని పలచగా కోసి, వెలుతురు దూరేంత వరకు అరగదీసి, సూక్ష్మదర్శిని కింద పెరుగుదల వలయాలు లెక్కపెడతారు, చెట్టు మానులో లెక్కపెట్టినట్టే. కానీ ఎముకలు కలగాపులగంగా ఉన్న చోట ఈ తొడ ఎముకా ఆ కొమ్ముల్లేని నుదురూ ఒకే జంతువువని ఎవరు చెప్పగలరు? అందుకే పుర్రె ఎముకల మధ్య అతుకులు ఎంతవరకు కలిసిపోయాయో చూడడం దగ్గర ఆగాల్సి వస్తుంది. ఇంకో నాలుగైదు నుదుళ్లు దొరికి, వాటిలో పెద్దవి కొన్ని కొమ్ములతో, కొన్ని కొమ్ముల్లేకుండా కనబడితే ఈ వాదనకి ఎదురుండదు. అప్పటిదాకా "ఆడవాటికి కొమ్ములు లేవు" అని తేల్చి రాయకుండా "లేకపోయి ఉండొచ్చు" అని రాయడం న్యాయం.

ఇలాంటి చోట తవ్వకం ఎలా చేశారన్నదాని మీదే తర్వాతి లెక్కలన్నీ ఆధారపడతాయి. ఎముకల గుట్టని ముందు మీటరు గళ్లుగా విభజించి, ప్రతి ఎముక ఏ గడిలో ఉంది, పొడుగు ఎముకల కొస ఏ దిక్కుకి ఉంది, ఎంత వాలుగా ఉంది అని రాసుకోవాలి. అన్నీ ఒకే దిక్కుకి ఉంటే నీటి ప్రవాహం తెచ్చి పోసిందని అర్థం, అప్పుడు మందగా చచ్చాయన్న మాట నిలవదు. ఎముకని నేరుగా పెకలించకూడదు. చుట్టూ, కిందా మట్టి తవ్వి పుట్టగొడుగులా ఒక కాడ మీద నిలబెట్టాలి. ఎముక మీద ముందు తడి కాగితం పొరలు పరవాలి, దాని మీద ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో ముంచిన గోనెగుడ్డ పట్టీలు చుట్టాలి. కాగితం మరిచిపోతే ప్లాస్టర్ ఎముకకే పట్టేస్తుంది, తర్వాత విడదీసేటప్పుడు పైపొర దానితోపాటే లేచి వస్తుంది. కొమ్ము మీది ఆ గాడులూ చారలూ ఉండేది ఆ పైపొరలోనే. పట్టీలు కాడ వైపు కిందికి మడవకపోతే తిరగేసేటప్పుడు లోపలి మట్టీ ఎముకా జారిపడతాయి.

గట్టిపరిచే జిగురు దగ్గర ఇంకో తప్పు జరుగుతుంది. అసిటోన్‌లో కరిగించిన ఆక్రిలిక్ జిగురు మొదట పలచగా, 5 శాతం దగ్గర ఉండాలి. అప్పుడే పగుళ్లలోకి ఇంకుతుంది. చిక్కగా పోస్తే పైన తోలు కడుతుంది, లోపల ఎముక పొడిపొడిగానే మిగిలిపోతుంది. వానాకాలం తర్వాత తడి ఆరని ఎముక మీద పోస్తే తెల్లగా పాలిపోయిన పొర ఏర్పడి కింద ఏముందో కనబడదు. మట్టిరాయిలో కోట్ల ఏళ్లు నలిగిన ఎముకకి వంకరలు కూడా వస్తాయి. ఒక కొమ్ము ముందుకి, ఒకటి పక్కకి ఉంటే అది ఆ జంతువు స్వభావం అనుకునే ముందు పుర్రె ఎడమ కుడి భాగాల్ని పోల్చి చూడాలి. పుర్రెంతా ఒక వైపుకి ఒరిగి ఉంటే తప్పు కొమ్ముది కాదు, పైనున్న బరువుది.

శృంగసారస్ కుటుంబం మన గోదావరి ఒడ్డుకి కొత్తది కాదు. ప్రాణహిత, గోదావరి లోయలోని ఎర్రపల్లి పొరలు డెన్వా పొరలకి ఇంచుమించు సమకాలికాలు. ఆ ఎర్ర మట్టిలో దొరికిన పొడుగు మెడ సరీసృపానికి 2003లో పామెలారియా అని పేరు పెట్టారు. 1950ల చివర్లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ స్థాపకుడు మహలనోబిస్ పిలుపు మీద వచ్చి అక్కడ శిలాజాల పనికి పునాది వేసిన పామెలా రాబిన్సన్ జ్ఞాపకార్థం ఆ పేరు. పామెలారియాకి కొమ్ముల్లేవు. అయినా తుంటి, మెడ, పుర్రె లెక్కల్లో శృంగసారస్‌కి దగ్గరి చుట్టాల్లో అదీ ఒకటి. ట్రైసెరటాప్స్ ఎక్కడా దరిదాపుల్లో లేదు. తెలంగాణలోనే ఇంకాస్త పై పొరల్లో, మలేరి మట్టిలో దొరికి 1980లో పేరు పొందిన మలేరిసారస్ కూడా ఈ కుటుంబానిదేనని ఇటీవలి పరిశీలనలు చెబుతున్నాయి. మన పిల్లలకి అమెరికా ట్రైసెరటాప్స్ బొమ్మ చూపించి "ఇలాంటిదే మన దగ్గరా ఉండేది" అనడం కంటే, పామెలారియా, శృంగసారస్ రెండింటినీ పక్కపక్కన పెట్టి "వీళ్లిద్దరూ చుట్టాలు, ఒకరికి కొమ్ములొచ్చాయి, ఒకరికి రాలేదు" అని చెప్పడం ఎంత బాగుంటుందో ఆలోచించండి.

బొమ్మ వేసేవాళ్లకి ఒక విన్నపం. శృంగసారస్‌కి మెడ మీద పళ్లెం పెట్టకండి, చిలకముక్కు పెట్టకండి, ముక్కు మీద మూడో కొమ్ము పెట్టకండి. ముందుకాళ్ల మోచేతులు పక్కకి తిప్పండి. తోకని మరీ సాగదీయకండి, అది పొట్టిది. కొమ్ముకి ఎముక పొడవుతో ఆగిపోకుండా ఇంకొంచెం తొడుగు కలిపి కొసని సన్నం చేయండి. పక్కన టీ రెక్స్‌ని నిలబెట్టకండి. అది పుట్టడానికి ఇంకా 17 కోట్ల ఏళ్లకి పైనే ఉంది. ఆ చోట డెన్వా నీళ్లలో నిజంగా ఉన్నవాటిని వేయండి: చదునైన పెద్ద తలతో, మొసలిలా నీటి అడుగున పొంచి ఉండే ఉభయచరం చెర్నీనియా, బురదలో ఊపిరితిత్తుల చేప. గట్టున కొమ్ములున్న రెండు శృంగసారస్‌లు తలలు వంచి ఎదురెదురుగా నిలబడి ఉండాలి.